సున్నా మనిషి

అశ్వత్థమ్మ తలలో పూలు పెట్టుకోదు. ఒంటికి వాసన సబ్బు రుద్దదు, ముఖానికి పౌడరు అద్దదు, ఇంట్లో అగరొత్తి వెలిగించనివ్వదు. ఇదేదో వైరాగ్యమనుకునేరు, అదేం కాదు. మంచి చీర కనబడితే ఆమె కళ్లు కూడా అందరి కళ్లలాగే మెరుస్తాయి. కాకపోతే పద్దెనిమిదో ఏట అత్తగారి పట్టుపురుగుల షెడ్డులో అడుగుపెట్టిన నాటినుంచి, నలభై ఆరేళ్లొచ్చిన ఈనాటిదాకా, పురుగులకు గిట్టని వాసన ఏదైనా ఆమెకూ గిట్టదు. పూలు పెట్టుకున్న మనిషి రెండు రోజులపాటు షెడ్డు గడప తొక్కకూడదని ఆమె పెట్టిన రూలు. ఆమె మొగుడు నంజుండప్పకు గంధం సబ్బంటే ప్రాణం. అందుకని ఆయన మల్బరీ ఆకు మోపును మోపెడ్ మీద తెచ్చి, షెడ్డు బయటే దింపి, అక్కడినుంచే కబుర్లు చెప్పి వెళ్లిపోతాడు.

హిందూపురానికి పది మైళ్ల అవతల రోడ్డు మలుపులో హనుమక్క పూలబండి ఉంటుంది. అశ్వత్థమ్మ రోజూ అక్కడే బస్సు దిగి పట్టు ప్రయోగశాలకు నడిచిపోతుంది. నడిచేది మాత్రం రోడ్డుకు ఆ పక్కన, పూల వాసన చీరకు అంటకుండా. ఇద్దరి స్నేహం మూడేళ్లుగా రోడ్డు వెడల్పు మీదుగానే సాగింది. ఊరంతా నా బండి దగ్గరికొస్తుంది, నువ్వు మాత్రం నన్ను చూసి దూరం జరుగుతావు, నేనేమన్నా కరుస్తానా అని హనుమక్క అరిచేది. ఈమె ఇటునుంచి నవ్వి చెయ్యి ఊపేది. అదీ వాళ్ల రోజువారీ ముచ్చట.

ప్రయోగశాల డాక్టర్ సుచరితది. రొమ్ములో క్యాన్సర్ పుట్టినప్పుడు, అది గడ్డగా చేతికి తగలడానికి ఎంతో ముందే ఒంటి వాసనలో పిసరంత తేడా వస్తుందని ఆమె కనిపెట్టింది. ఆ తేడా మనిషి ముక్కుకు అందదు, యంత్రాలకూ నిలకడగా అందలేదు. గూడు తొలుచుకుని బయటికొచ్చే రెక్కల పట్టుపురుగును అక్కడ అందరూ చిలుక అంటారు. మగ చిలుక తన ఆడదాని వాసన గాలిలో నలుసంత ఉన్నా పసిగట్టి రెక్కలు టపటపలాడిస్తుంది. సుచరిత పదేళ్లు తంటాలు పడి, గుడ్డులోనే ఆ గుణాన్ని మార్చి, చిలుక మీసాలకు ఆడదాని వాసనకు బదులు జబ్బు వాసన అందేలా చేసింది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు అశ్వత్థమ్మ కాసేపు ఆలోచించి, అంటే పాపం మగాడికి పెళ్లాం వాసన మరిపించినారు కదా మేడం అని జాలిపడింది. సుచరిత పడీపడీ నవ్వి, ఆ రోజే ఆమెను పనిలోకి తీసుకుంది.

పరీక్ష చూడటానికి చాలా తేలిక. పరీక్షకు వచ్చే ఆడమనిషి రెండు రోజులు పూలూ సబ్బూ మానేసి, అరచేతి వెడల్పు నూలుగుడ్డను పొద్దున్నుంచి సాయంత్రందాకా రవికలో పెట్టుకోవాలి. దాన్ని గాజు సీసాలో వేసి తెస్తారు. చిన్న ఫ్యాను ఆ గుడ్డ మీది గాలిని పది మగ చిలుకలున్న పళ్లెం మీదికి తోలుతుంది. ఎన్ని రెక్కలాడిస్తే అంత లెక్క. అయితే మనిషి చెమటకే ఒకటో రెండో చిలుకలు ఉలిక్కిపడొచ్చు కదా. అందుకని ముందు ఒక ఆరోగ్యమైన మనిషి గుడ్డ పెట్టి చూడాలి. దానికి ఎన్ని ఆడితే అది సున్నా కింద లెక్క. దాన్ని దాటినవాళ్లనే ఆసుపత్రికి స్కానింగుకు పంపాలి.

ఆ సున్నాకు అశ్వత్థమ్మను మించిన మనిషి దొరకలేదు. ఏ వాసనా లేని ఒళ్లు, ఏ జబ్బూ లేని ఒళ్లు. మొదటి ఏడు ఆసుపత్రిలో స్కానింగు చేయించి, ఏమీ లేదని కాగితం తెచ్చుకున్నాకే సుచరిత ఆమె గుడ్డను సీసాలో వేసింది. మేడం ఆమెను ముద్దుగా సున్నా మనిషి అనేది. ఆ పేరు అశ్వత్థమ్మకు భలే నచ్చింది, ఇంటికెళ్లి మొగుడికి గొప్పగా చెప్పుకుంది.

రెండేళ్లలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు రెండు వందల మంది పైచిలుకు గుడ్డలిచ్చారు. ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదు. రవికలో గుడ్డ అనగానే కొందరు తలుపులేసుకున్నారు, కొందరు మొగుళ్లనడగాలన్నారు. అశ్వత్థమ్మ గడప గడపకూ వెళ్లి, వాళ్ల వంటింట్లో కూర్చుని, వాళ్లతో చిక్కుడుకాయలు వలిచి, మాటల్లో మాటగా ఒప్పించింది. హనుమక్కనూ ఒప్పించింది. పాపం ఆ మనిషి రెండు రోజులు బండి మూసుకుని మరీ గుడ్డ ఇచ్చింది. లెక్క సున్నాను దాటలేదు. నీకేం లేదు హాయిగా ఉండమని రోడ్డు అటునుంచి అరిచి చెప్పింది అశ్వత్థమ్మే. లెక్క దాటిన ఏడుగురికి ఆసుపత్రిలో నిజంగానే జబ్బు బయటపడింది, వైద్యం జరిగి ఏడుగురూ తేరుకున్నారు. వాళ్లలో ఒకామె కూతురు పెళ్లి పత్రిక తెచ్చి పసుపు కుంకుమలతో అశ్వత్థమ్మ చేతిలో పెట్టి వెళ్లింది. అటువంటి పని చేసే చోటు మీద ఎవరికైనా గౌరవం కలగకుండా ఎలా ఉంటుంది.

ఇక చిలుకలంటారా, అవి అశ్వత్థమ్మ షెడ్డులోకి రాగానే రెక్కలు టపటపలాడించేవి. మొదట్లో ఒకటీ రెండూ, తర్వాత్తర్వాత పళ్లేనికి మూడేసి, నాలుగేసి. పెంచిన చెయ్యి పురుగుకు తెలుస్తుందని అత్తగారు అనేది, షెడ్డులో అందరూ అదే అన్నారు. అమ్మ వచ్చిందని ఆడుతున్నాయని టెక్నీషియన్ ముంతాజ్ చప్పట్లు కొట్టేది. కూతుళ్లిద్దరూ పుట్టింటికొచ్చినప్పుడు కూడా నన్ను చూసి ఇంత సంబరపడరు అని అశ్వత్థమ్మ మురిసిపోయేది. సున్నా గుడ్డకు మొదట ఒక్క చిలుక ఆడేది, రెండో ఏటికి నాలుగు ఆడసాగాయి. పెంచిన మనిషి గుడ్డ కదా, ఆ మాత్రం ఉంటుందని సుచరిత కూడా సరిపెట్టుకుంది. చదువుకున్న మనిషి, ఆ మాటను ఇంకోసారి తిరగేసి చూడాల్సింది. చూడలేదు. రెండో ఏడు చేయించాల్సిన స్కానింగుకేమో అశ్వత్థమ్మే వెళ్లలేదు. ఆ వారం పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. చివరిసారి కుబుసం విడిచే ముందు పురుగులు ఆకు ముట్టకుండా తలెత్తి పడుకుంటాయి, దాన్నే వాళ్లు జ్వరం అంటారు. ఆ జ్వరంలో పురుగును వదిలి కదిలే ఆడది ఆ ప్రాంతంలో లేదు. తర్వాత వెళ్తానంది, తర్వాత ఇంకో పంట వచ్చింది.

ఆ ఏడు మాఘమాసంలో మడకశిరలో ఆమె చెల్లెలి కూతురి పెళ్లి. పెళ్లిలో పూలు లేని బోసి తలతో తిరిగితే చెల్లెలు ఊరుకోదు. అశ్వత్థమ్మ జీవితంలో మొదటిసారి రోడ్డు దాటి పూలబండి దగ్గరికి వెళ్లింది. హనుమక్క నోరెళ్లబెట్టి, మల్లెలూ కనకాంబరాలూ కలిపి మూరెడు దండ కట్టి, తన చేత్తో ఆమె జడలో తురిమి, ఒకసారి వెనక్కి జరిగి చూసుకుంది.

పెళ్లి ఒక రోజు, పూల రూలు రెండు రోజులు. మూడు రోజుల తర్వాత అశ్వత్థమ్మ ప్రయోగశాలకు వచ్చేసరికి ముంతాజ్ ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుని ఉంది. ముంతాజ్ ఈమధ్యే పురుగుల పెంపకం నేర్చుకుని, ఆవరణ చివరనున్న కొత్త షెడ్డులో ఒక పంటను గుడ్డునుంచి గూడుదాకా ఒంటరిగా పెంచింది. షెడ్డుకు ఒకటే చెయ్యి అన్నది కూడా అశ్వత్థమ్మ రూలే, అందుకని ఆమె ఆ షెడ్డు వైపే వెళ్లలేదు. నిన్న ఆ పంటలో చిలుకలు బయటికొచ్చాయి. ఫ్యాను సరిగ్గా పనిచేస్తుందో లేదో చూద్దామని ముంతాజ్ తన గుడ్డే సీసాలో వేసింది. ఒక్క చిలుకా రెక్క కదపలేదు. తన పెంపకంలోనే ఏదో లోపముంది, మొద్దు పురుగులు తయారయ్యాయని ఆ పిల్ల దిగులు. నువ్వొచ్చి ఒకసారి చూడక్కా అని బతిమాలింది.

అశ్వత్థమ్మ కాళ్లు కడుక్కుని, షెడ్డు చీర కట్టుకుని లోపలికి నడిచింది. మూడు అడుగులు వేసిందో లేదో, పళ్లేలన్నీ టపటపమన్నాయి.

ముంతాజ్ ఊపిరి పీల్చుకుంది. చూసినావా, నీ కోసమే కాచుకున్నాయి, నిన్ను గుర్తుపట్టినాయి అని నవ్వింది. అశ్వత్థమ్మ నవ్వలేదు. ఒక పళ్లేన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ముంతాజూ, వీటిని నేను ఒక్కనాడన్నా ముట్టుకున్నానా?"

"లేదక్కా."

"ఒక్క రెమ్మ ఆకేసినానా?"

"లేదు."

"మరి నన్నెట్ల గుర్తుపట్టినాయి?"

 జవాబు అశ్వత్థమ్మకే తోచింది. ఇరవై ఎనిమిదేళ్లు పురుగుల మధ్య బతికిన మనిషి, పెంచని బిడ్డ తల్లీ అని పిలవదని ఆమెకు తెలుసు. ఈ చిలుకలు ఆడేది ఒక్కటే వాసనకు. పళ్లెం కింద పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. రెండేళ్లుగా ముద్దుచేసుకున్న ఆ టపటపల్లో ఏముందో ఇప్పుడు తెలిసి, ఆమెకు ముందు భయం కాదు, సిగ్గేసింది. తర్వాత భయం వేసింది. భయంలోనే ఇంకో సంగతి తట్టింది. అది తట్టాక గోడ వదిలి నేరుగా సుచరిత గదికి నడిచింది.

"మేడం, నన్ను సున్నాలోంచి తీసేయండి. ముంతాజును సున్నా పెట్టి నా గుడ్డ లెక్క చూడండి."

సుచరితకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచిన మనిషి మళ్లీ కూర్చోలేదు. ఆ సాయంత్రమే కొత్త పంట చిలుకలను పళ్లెంలో పెట్టి, ముందు ముంతాజ్ గుడ్డ వేశారు. పదీ కదలకుండా కూర్చున్నాయి. తర్వాత అశ్వత్థమ్మ గుడ్డ వేశారు. నాలుగు లేచాయి. సుచరిత మూడుసార్లు పళ్లెం మార్చింది, మూడుసార్లూ నాలుగే. నాలుగోసారి మార్చబోతుంటే అశ్వత్థమ్మే ఆమె చెయ్యి పట్టుకుని, వాటిని అలసట పెట్టొద్దులే మేడం అంది.

వారం తిరక్కుండా ఆసుపత్రి సంగతి తేల్చింది. ఎడమవైపు పెసరగింజంత. అది చేతికి తగలాలంటే ఇంకా ఏడాదో రెండేళ్లో పట్టేదని, ఇంత చిన్నగా ఉన్నప్పుడు దొరకడం అదృష్టమని, గడ్డ మేరకు తీసేసి కొన్ని వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెడితే చాలని అక్కడి పెద్ద డాక్టరమ్మ చెప్పింది. పదకొండు రోజుల తర్వాత ఆపరేషన్ అన్నారు.  నంజుండప్ప ఇంటికొచ్చి, దండెం కింద ఉన్న గంధం సబ్బు తీసి గూట్లో అట్టడుగున పెట్టి, మెల్లగా అన్నాడు:

"నువ్వు లేని దినాలు పురుగులకు ఆకు నేనేస్తా. నన్ను లోపలికి రానియ్యమని ముంతాజుకు చెప్పు."

అప్పటిదాకా ఏడవని అశ్వత్థమ్మ అప్పుడు ఏడ్చింది.

కానీ ఆమెను తొలిచేది పెసరగింజ కాదు. సున్నా మనిషికే జబ్బుంటే ఆ సున్నాతో కొలిచిన లెక్కలన్నీ ఏమైనట్లు? ఒకటి రెండు చిలుకలు ఆడినా, మూడు ఆడినా, సున్నా నాలుగు కదా అని ఏమీ లేదనేశారు. సుచరిత రిజిస్టరు ముందేసుకుని కూర్చుంది. అలాంటివాళ్లు అరవై నలుగురు తేలారు. తప్పు నాది, ఏటేటా నీకు స్కానింగు చేయించే బాధ్యత నాది అని సుచరిత తల వంచుకుంది. దాటేసింది నేను కదా అంది అశ్వత్థమ్మ. తప్పును ఇద్దరూ చెరో కొస పట్టుకున్నారు గానీ, అవతలికి నెట్టేయాలని మాత్రం ఎవరూ చూడలేదు. సుచరిత జరిగింది జరిగినట్లు రాసి పైవాళ్లకు పంపింది. పేరు పోతుందనీ, పదేళ్ల పని మూలనపడొచ్చనీ తెలిసే పంపింది. అరవై నలుగురికీ ఉత్తరాలు కూడా సిద్ధం చేయించింది. అశ్వత్థమ్మ ఆ కట్టను చేతిలోకి తీసుకుని పక్కన పెట్టింది.

"ఉత్తరం చూసి గుడ్డ పెట్టుకోలేదు మేడం వాళ్లు. నన్ను చూసి పెట్టుకున్నారు. నేనే పోవల్ల."

పదకొండు రోజుల్లో పది రోజులు నంజుండప్ప మోపెడ్ వెనక కూర్చుని అశ్వత్థమ్మ తిరిగింది. అవే గడపలు, అవే వంటిళ్లు. నీకేం లేదని నేను చెప్పిన మాట నమ్మొద్దు, రేపే స్కానింగుకు పోదాం పద అని చెప్పింది. ఎందుకు నమ్మొద్దో చెప్పడానికి ముందు తన జబ్బు చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రాంతంలో ఆడవాళ్లు ఆ జబ్బు పేరు అమ్మ దగ్గర కూడా పలకరు. ఆమె అరవై నాలుగు గడపల్లో పలికింది. ఒకచోట అత్తగారు చెంబుడు నీళ్లు కూడా ఇవ్వకుండా పంపింది. చాలాచోట్ల మాత్రం వింటున్న మనిషి మెల్లగా లేచి, చెప్పుల కోసం వెతుక్కుంది. ఆపరేషన్ ముందు పెట్టుకుని ఎండలో ఆ తిరుగుడేమిటని కూతుళ్లు ఫోన్లో కోప్పడ్డారు. వాళ్లకు ఊ కొట్టి మళ్లీ మోపెడ్ ఎక్కింది.

హనుమక్క దగ్గరికి మొదటిరోజే వెళ్లింది. షెడ్డుకు పోయే చీరలో ఆ రోడ్డు దాటడం అదే మొదటిసారి. హనుమక్క ఎగతాళికి నోరు తెరిచి, ఈమె ముఖం చూసి మూసుకుంది. అశ్వత్థమ్మ మొత్తం చెప్పింది. నీ గుడ్డకు మూడు చిలుకలు ఆడినాయి, నా గుడ్డకు నాలుగు ఆడతాండె, అందుకే నీకేం లేదనేసినాం అంది. హనుమక్క చేతిలో దారం ఆగలేదు, పూలు కడుతూనే ఉంది.

"ఎన్ని నెలలాయ?"

"పద్నాలుగు."

"పో. నీకు టైమైతాంది," అంది హనుమక్క తలెత్తకుండా.

మరునాడు మాత్రం బండి మూసి స్కానింగుకు వచ్చింది. అరవై నలుగురిలో ముగ్గురికి తేలింది. ఇద్దరిది గింజంతే. హనుమక్కది చంకలోకి పాకింది. నయమవుతుంది గానీ ముందు ఆరు నెలలు మందు ఎక్కించాలి, తర్వాత ఆపరేషన్ అన్నారు. పద్నాలుగు నెలల కిందట పట్టుకుని ఉంటే ఇంత ఉండేది కాదని డాక్టరమ్మ అనలేదు. అనకపోయినా అశ్వత్థమ్మకు వినబడింది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు కూడా ఆమె చెవిలో మత్తుమందు సంగతి కాదు, అదే మోగుతూ ఉంది.

నాలుగు నెలలు గడిచాయి. అశ్వత్థమ్మ గాయం మానింది, కరెంటు పెట్టడం అయిపోయింది. పైవాళ్లు పెద్ద విచారణే జరిపారు గానీ, దాచకుండా రాసిన మనిషి చేతిలోనే పని ఉండాలని చివరికి తేల్చారు. ఇప్పుడు ప్రయోగశాలలో సున్నా ఒక మనిషి కాదు, పన్నెండు మంది. ప్రతి ఆరు నెలలకూ వాళ్లందరికీ స్కానింగు, పురుగులు ఏ జ్వరంలో ఉన్నా సరే. ఒక్క చిలుక ఎక్కువ ఆడినా పరీక్షకొచ్చిన మనిషిని ఆసుపత్రికి పంపుతారు. గోడ మీద ఆ రూలు రాసింది ముంతాజ్, రాయించింది అశ్వత్థమ్మ.

ఆమె తిరిగి షెడ్డుకు వచ్చిన పొద్దున సుచరిత, ముంతాజ్, బయట గుమ్మం దగ్గర నంజుండప్ప ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నంజుండప్ప దగ్గర సబ్బు వాసన లేదు, ఆకు వాసన మాత్రం ఉంది. అశ్వత్థమ్మ కాళ్లు కడుక్కుని, షెడ్డు చీర కట్టుకుని లోపలికి నడిచింది. ఈ పంట గూళ్లు కట్టకముందు చివరి వారం ఆకు వేసింది ఆమె మొగుడే.

మూడు అడుగులు వేసింది. నాలుగు, అయిదు. పళ్లేల మధ్యగా ఆ చివరిదాకా నడిచింది. తెల్లటి చిలుకలు మీసాలు చాచుకుని ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఒక్క రెక్కా కదల్లేదు.

సున్నా, అంది ముంతాజ్. సుచరిత ముఖం అటు తిప్పుకుంది. అశ్వత్థమ్మ ఒక పళ్లెం మీదికి వంగి, చాలా దగ్గరగా చూసింది. ఎంత ఆపుకున్నా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనెవరో తెలీదు వీటికి," అంది. "చాలు. తెలియనే వద్దు."

ఆ రోజు హనుమక్కకు మందు ఎక్కించే రోజు. ఈ నాలుగు నెలల్లో అశ్వత్థమ్మ ప్రతిసారీ తోడు వెళ్లింది, ఆసుపత్రి బెంచీ మీద పక్కన కూర్చుంది. హనుమక్క వద్దనలేదు, మాట్లాడనూ లేదు. రోడ్డు మలుపులో బండి ఇప్పుడు హనుమక్క కోడలు నడుపుతోంది. మధ్యాహ్నం అశ్వత్థమ్మ ఆసుపత్రికి చేరేసరికి హనుమక్క బెంచీ మీద తలకు కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. కొంగు కింద వెంట్రుకలు లేవు. ఒళ్లో, తడి గుడ్డలో చుట్టిన మల్లెదండ ఉంది, పొద్దున కోడలు అలవాటుగా చేతిలో పెట్టి పంపిందట.

చిలుకలు ఏమన్నాయని అడిగింది హనుమక్క. నాలుగు నెలల్లో ఆమె అడిగిన మొదటి మాట అది. ఒక్కటీ ఆడలేదని చెప్పింది అశ్వత్థమ్మ, చెప్పడమే తప్పయినట్లనిపించి తల దించుకుంది.

 హనుమక్క ఒళ్లోని గుడ్డ విప్పి, దండ బయటికి తీసి, అశ్వత్థమ్మ భుజం పట్టి అటు తిప్పింది. సూది గుచ్చిన చేత్తోనే, వంకర పోకుండా, పెళ్లినాడు తురిమినట్లే జడలో తురిమింది.

"నా తలలో నిలవవు ఇవి," అంది. "ఇంక రెండు దినాలు నిన్ను షెడ్డులోకి రానియ్యరు. నా కాడ ఉండు."